ఇంప్లాంట్ చుట్టూ చిగురు వాచి రక్తం, చీము వస్తుంటే: కోత లేకుండా ఎంతవరకు తగ్గుతుంది?

హనుమకొండ నుంచి వచ్చిన ప్రశ్న ఇది. నాన్నగారికి 61 ఏళ్లు, షుగర్ ఉంది. కింది దవడ కుడివైపు వెనకాల రెండు ఇంప్లాంట్లు (పన్ను వేరుకు బదులు ఎముకలో బిగించే టైటానియం మరలు), నాలుగేళ్ల కింద హైదరాబాద్‌లో వేయించారు. కొన్ని నెలలుగా బ్రష్ చేస్తే రక్తం, నోటి వాసన. వేలితో నొక్కితే ఒకచోట చీము. నొప్పి మాత్రం లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన గోలీలు ఐదు రోజులు వేస్తే తగ్గి, మళ్లీ మొదలైంది. ఒక క్లినిక్‌లో చిగురు తెరిచి శుభ్రం చేయాలన్నారు, ఇంకోచోట లేజర్‌తో ఒక్క సిట్టింగ్‌లో అయిపోతుందన్నారు. కోత లేకుండా నయమవుతుందా, అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. ఎముక కరగకుండా చిగురు మాత్రమే వాచి ఉంటే కోత అవసరం లేదు, శుభ్రం చేస్తే తగ్గుతుంది. ఎముక కొంత కరిగి, పాకెట్ (చిగురుకూ ఇంప్లాంట్‌కూ మధ్య ఏర్పడే సందు) లోతు 5 మి.మీ. లోపు ఉంటే కోత లేకుండా అదుపులోకి తేవడానికి మంచి అవకాశమే ఉంది. లోతు 6, 7 మి.మీ. దాటి, ఇంప్లాంట్ మరలు బయటపడి చీము కారుతుంటే శుభ్రం చేయడంతోనే పూర్తిగా తగ్గేది తక్కువమందికే. అలాంటప్పుడు కూడా మొదట కోత లేని వైద్యమే చేస్తారు, ఎందుకంటే వాపు తగ్గిన చిగురు మీద సర్జరీ బాగా కుదురుతుంది, కొందరికి ఆ సర్జరీ పరిధి కూడా చిన్నదవుతుంది. కాబట్టి మీకు సలహా ఇచ్చిన ఇద్దరిలో ఎవరు కరెక్టో ఇప్పుడే చెప్పలేం. తేల్చాల్సిన రెండు సంగతులు మీ ప్రశ్నలో లేవు: పాకెట్ ఎన్ని మిల్లీమీటర్లు, ఎముక మొదట్లో ఎక్కడుంది, ఇప్పుడెక్కడుంది.

ఈ జబ్బుకు రెండు దశలు. ఎముక చెక్కుచెదరకుండా చిగురు మాత్రమే ఎర్రబడి రక్తం కారితే పెరి-ఇంప్లాంట్ మ్యూకోసైటిస్. దాంతోపాటు ఎముక కూడా కరుగుతుంటే పెరి-ఇంప్లాంటైటిస్. అమెరికా, యూరప్ చిగుళ్ల వైద్య సంఘాలు కలిసి 2017లో కూర్చుని, 2018లో అచ్చేసిన వర్గీకరణ ప్రకారం పాత రికార్డులు లేనప్పుడు పాకెట్ 6 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువ, ఎముక ఇంప్లాంట్‌ అంచు నుంచి 3 మి.మీ. లేదా అంతకన్నా కిందికి దిగడం, ప్రోబ్ (పాకెట్ లోతు కొలిచే సన్నటి కడ్డీ) పెడితే రక్తం లేదా చీము, ఈ మూడూ కలిస్తే పెరి-ఇంప్లాంటైటిస్ అనుకోవాలి. పాత ఎక్స్‌రే ఉంటే ఈ అంకెలతో పనిలేదు, పోల్చి చూస్తే చాలు. ఇంప్లాంట్ వేసిన మొదటి ఏడాది ఎముక సర్దుకునేటప్పుడు కొంచెం తగ్గడం మామూలే, అదీ 2 మి.మీ. లోపే ఉండాలి. మీ నాన్నగారికి చీము కూడా వస్తోందంటే రెండో దశ అయ్యే అవకాశమే ఎక్కువ. అయినా కొలవకుండా ఖాయం చేయొద్దు.

కొలవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలా క్లినిక్‌లలో వదిలేసేది ఇదే. ఇంప్లాంట్ పక్కన ప్రోబ్ పెడితే పాడవుతుందన్న భయం ఇంకా ఉంది. అది నిజం కాదు; చిన్న ఒత్తిడితో, అంటే 0.2 న్యూటన్ లేదా సుమారు 20 గ్రాముల బరువు ఆనినంత మెల్లగా పెడితే ఏమీ కాదు. ప్లాస్టిక్ ప్రోబ్ అయితే క్రౌన్, అంటే ఇంప్లాంట్ మీది కృత్రిమ పన్ను, ఉబ్బు చుట్టూ వంగుతుంది కాబట్టి సులువు. ఒక్కో ఇంప్లాంట్‌కు ఆరు చోట్ల, అంటే బుగ్గవైపు మూడు, నాలుకవైపు మూడు కొలిచి, ఒక్కో చోట లోతు, రక్తం, చీము మూడూ రాసుకోవాలి. ఒకేచోట ఒక చుక్క రక్తం కనిపించడం, ప్రోబ్ చుట్టూ గీతలా రక్తం పరుచుకోవడం ఒకటి కావు. మొదటిది ప్రోబ్ గుచ్చుకుని కూడా రావచ్చు, రెండోది వాపు గుర్తు. క్రౌన్ ఉబ్బుగా ఉంటే ప్రోబ్ పక్కకు జారి లోతు తక్కువ చూపిస్తుంది. 4 అని రాసిన చోట క్రౌన్ విప్పి చూస్తే 7 ఉండటం అరుదేమీ కాదు.

ఎక్స్‌రే కూడా అంతే. నోరంతా పడే ఓపీజీ ఈ పనికి చాలదు. చిన్న ఆర్‌వీజీ ఎక్స్‌రే, హోల్డర్ పెట్టి తీసింది కావాలి. సరిగ్గా తీశారో లేదో మీరే చూడొచ్చు: ఇంప్లాంట్ మరల అంచులు రెండు వైపులా పదునుగా, విడివిడిగా కనిపించాలి. మసకగా ఒకదానిలో ఒకటి కలిసిపోతే కోణం తప్పిందని అర్థం, దాని మీద ఎముక కొలిస్తే లెక్క తప్పుతుంది. ఇంప్లాంట్ పొడవు ముందే తెలుసు కాబట్టి, దాన్ని స్కేల్‌లా పెట్టుకుని ఎముక ఎన్ని మి.మీ. దిగిందో లెక్క కట్టొచ్చు. బుగ్గవైపు, నాలుకవైపు ఎముక మాత్రం ఇందులో కనపడదు, అక్కడ ప్రోబే దిక్కు.

నొప్పి లేదు కదా, అంత కంగారేముంది అంటారేమో. అసలు పన్నుకూ ఇంప్లాంట్‌కూ చిగురు అతుక్కునే తీరు వేరు. పన్ను వేరు మీదకు చిగురు నారలు అడ్డంగా వచ్చి దిగబడతాయి, ఒక కట్టలా నిలబడి ఇన్ఫెక్షన్‌ను పైనే ఆపుతాయి. టైటానియంలోకి నారలు దిగవు, దాని వెంబడి నిలువుగా పోతాయి. పన్నును ఎముకతో కలిపే నార పొర, అంటే లిగమెంట్ కూడా ఇక్కడ లేదు, దాంతోపాటు వచ్చే రక్త సరఫరా కూడా లేదు. అందుకే ఇక్కడ వాపు మొదలైతే ఎముక దాకా పోవడానికి అడ్డు తక్కువ, కరగడం మొదలయ్యాక వేగం ఎక్కువ. నొప్పి రాకపోవడం ఈ జబ్బు స్వభావం, తగ్గుతోందన్న సూచన కాదు.

ఇంకో సంగతి. ఇంప్లాంట్ మీది పన్ను కదులుతోందని చాలామంది ఇంప్లాంటే ఊడిపోయిందనుకుంటారు. ఎక్కువసార్లు వదులైంది క్రౌన్‌ను ఇంప్లాంట్‌కు బిగించే లోపలి స్క్రూ మాత్రమే. వదులైన స్క్రూ కింద సందులో సూక్ష్మజీవులు చేరి వాసన, చీము కూడా రావచ్చు, బిగిస్తే సగం బాధ పోతుంది. క్రౌన్ విప్పి, ఇంప్లాంట్‌నే పట్టుకుని కదిపితే అది కదిలితే మాత్రం ఎముకతో పట్టు పోయినట్టే. అలాంటి దానికి ఏ శుభ్రతా పనిచేయదు, తీసేయాలి.

ఇక వైద్యం. లేజరా, పౌడరా, జెల్లా అన్న ప్రశ్నకన్నా ముందు అడగాల్సింది ఒకటుంది: పాచి ఉన్న చోటికి పరికరం చేరుతోందా? మొదటి పని అడ్డు తీయడమే. స్క్రూతో బిగించిన క్రౌన్ అయితే విప్పించండి. నమిలే ముఖం మీద మధ్యలో ఫిల్లింగ్ వేసినట్టు గుండ్రటి మచ్చ ఉంటుంది, అదే స్క్రూ దారి. ఆ ఫిల్లింగ్ తీసి, లోపలి టెఫ్లాన్ టేపు లాగి, సరైన డ్రైవర్‌తో తిప్పితే క్రౌన్ పైకొస్తుంది. క్రౌన్ తీసేశాక చిగురు లోపలి గోడ కళ్లముందు కనిపిస్తుంది, అప్పటిదాకా గుడ్డిగా గీకిన చోట చూసి గీకొచ్చు.

ఇక్కడే వరంగల్ చుట్టుపక్కల వాళ్లకు ఒక చిక్కు వస్తుంది. ఇంప్లాంట్ హైదరాబాద్‌లో వేయించుకుని, బాధ వచ్చినప్పుడు కాజీపేటలోనో ములుగు రోడ్డులోనో చూపించుకుంటారు. ఏ కంపెనీ ఇంప్లాంటో ఇక్కడి డాక్టరుకు తెలియదు. కంపెనీని బట్టి డ్రైవర్ కొలత మారుతుంది, 1.2 మి.మీ. హెక్స్ డ్రైవర్‌కూ 1.25 డ్రైవర్‌కూ కంటికి తేడా కనపడదు కానీ తప్పు దాన్ని పెట్టి బలంగా తిప్పితే స్క్రూ తల అరిగిపోతుంది. ఆ తర్వాత అరిగిన స్క్రూను బయటికి తీయడమే ఒక ఆపరేషన్ అవుతుంది. ఇంప్లాంట్ వేసినప్పుడు డబ్బా మీది స్టిక్కర్ మీ ఫైల్లో అతికించాలి, అందులో కంపెనీ, వ్యాసం, పొడవు, లాట్ నంబర్ ఉంటాయి. లేకపోతే వేసిన చోటికి ఫోన్ చేసి ఫొటో పంపమనండి. తిరిగి బిగించేటప్పుడు పాత స్క్రూ కాకుండా కొత్తది, టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానాతో) కంపెనీ చెప్పినంత బిగించాలి, చాలా వాటికి అది 25 నుంచి 35 న్యూటన్ సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. చేతి అంచనాతో బిగిస్తే కొన్ని నెలల్లోనే మళ్లీ వదులవుతుంది.

సిమెంట్‌తో అతికించిన క్రౌన్ అయితే అనుమానం మొదట సిమెంట్ మీదే పడాలి. క్రౌన్ నొక్కినప్పుడు బయటికి పొంగిన సిమెంట్ చిగురు కిందికి జారి గట్టిపడి, గార మీద పాచి పట్టినట్టు అక్కడే ఉండిపోతుంది. అమెరికాలో థామస్ విల్సన్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో, వాపు ఉన్న ఇంప్లాంట్లలో 81 శాతం చోట్ల మిగులు సిమెంట్ దొరికింది. తీసేశాక వాటిలో దాదాపు నాలుగింట మూడొంతులు తగ్గాయి. సిమెంట్ వల్ల వచ్చే బాధ కొన్ని నెలలకే రావచ్చు, కొన్నేళ్లకూ రావచ్చు, కాబట్టి నాలుగేళ్లయింది కదా అని కొట్టిపారేయొద్దు. కొన్ని రెజిన్ సిమెంట్లు ఎక్స్‌రేలో అసలు కనపడవు. ఎక్స్‌రే శుభ్రంగా ఉందంటే సిమెంట్ లేదని కాదు.

మూడో అడ్డు క్రౌన్ ఆకారమే. ఇంప్లాంట్ సన్నగా, దాని మీది దవడ పన్ను వెడల్పుగా ఉంటుంది. ఆ తేడాను ఒక్కసారిగా గొడుగులా విప్పితే కింద బ్రష్ దూరదు. ఇంప్లాంట్ నుంచి క్రౌన్ పైకి వచ్చే కోణం 30 డిగ్రీలు దాటి, పక్కలు ఉబ్బుగా ఉంటే జబ్బు ఎక్కువగా కనిపిస్తుందని పరిశీలనలు చెబుతున్నాయి. రెండు క్రౌన్లు కలిపి చేసి మధ్యలో సందు మూసేసి ఉంటే ఇంకా కష్టం. మీ నాన్నగారివి పక్కపక్కనే రెండు కాబట్టి ఇది తప్పక చూపించండి: మధ్యలో సన్న బ్రష్ దూరుతుందా? దూరకపోతే ల్యాబ్‌లో క్రౌన్ కింది ఉబ్బును తగ్గించి, పాలిష్ చేసి మళ్లీ పెట్టాలి, లేదా కొత్తది చేయించాలి. ఈ పని చేయకుండా ఎన్ని సిట్టింగులు శుభ్రం చేసినా మూడు నెలల్లో కథ మొదటికే వస్తుంది. డబ్బు దండగయ్యేది ఎక్కువగా ఇక్కడే.

దారి దొరికాక శుభ్రం చేయడం. మత్తు సూది ఇస్తారు. పైన కనిపించే పాచి, గార ముందు తీసి, తర్వాత చిగురు కిందికి వెళ్తారు. మామూలు పండ్లకు వాడే స్టీల్ అల్ట్రాసోనిక్ మొనను టైటానియం మీద పెట్టకూడదు, గీతలు పడతాయి, ఆ గీతల్లో పాచి మరింత పట్టుకుంటుంది. టైటానియం క్యూరెట్లు (చేత్తో గీకే పరికరాలు) గానీ, పీక్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగున్న అల్ట్రాసోనిక్ మొన గానీ వాడాలి. ప్లాస్టిక్ క్యూరెట్లు మెత్తగా ఉండి గట్టి గారను లేపలేవు, వాటి ముక్కలే లోపల మిగిలిపోతాయి. అవి వాపుకు సరిపోవచ్చు గానీ గట్టిపడిన సిమెంట్‌కు చాలవు. చుట్టూ ఒక పద్ధతిలో, కింద నుంచి పైకి చిన్న చిన్న లాగుళ్లతో, ప్రతి మర మీదా తగిలేలా చేయాలి. ఎముక అంచు మీద బలంగా గీకకూడదు.

గాలి, నీళ్లు, మెత్తటి పౌడర్ కలిపి కొట్టే ఎయిర్ పాలిషింగ్ ఇంకో పద్ధతి. గ్లైసిన్ పౌడర్ రేణువు సుమారు 25 మైక్రాన్లు, ఎరిత్రిటాల్ సుమారు 14. పండ్ల మచ్చలు పోగొట్టడానికి వాడే సోడియం బైకార్బొనేట్ పౌడర్ గరుకుది, ఇంప్లాంట్ దగ్గరికి రానీయొద్దు. పాకెట్ లోపలికి వెళ్లే సన్నటి ప్లాస్టిక్ నాజిల్‌తో, ఒక్కో చోట 5 సెకన్లు చాలు, కదుపుతూ ఉండాలి. ఒకేచోట ఆపి పట్టుకుంటే గాలి చర్మం కిందికి పోయి బుగ్గ ఉబ్బిపోతుంది, నొక్కితే కరకరమంటుంది. దీన్నే ఎంఫిసీమా అంటారు, అరుదే గానీ తెలిసి ఉండాలి. మ్యూకోసైటిస్‌కు ఈ పద్ధతి హాయిగా ఉంటుంది, నొప్పి తక్కువ. ఎముక కరిగిన చోట క్యూరెట్ కన్నా ఇది మెరుగన్న గట్టి ఆధారం లేదు, గట్టి సిమెంట్‌ను ఇది లేపదు.

చివర సెలైన్‌తో కడుగుతారు. క్లోర్‌హెక్సిడిన్, బెటాడిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఏది పోసినా అదనపు లాభం చిన్నదే. పాచిని తీసేది చేత్తో చేసే పనే, ద్రవాలు దాని స్థానంలో పనిచేయవు.

లేజర్ సంగతి. కోతకు ప్రత్యామ్నాయంగా ఒక్క సిట్టింగ్‌లో నయం చేస్తుందన్న మాటకు ఆధారం లేదు. యూరప్ చిగుళ్ల వైద్య సమాఖ్య 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు పెరి-ఇంప్లాంటైటిస్‌లో కోత లేని వైద్యానికి తోడుగా లేజర్‌ను గానీ, రంగు పోసి కాంతి వేసే ఫొటోడైనమిక్ పద్ధతిని గానీ సిఫారసు చేయలేదు. క్లినిక్‌లలో ఎక్కువగా ఉండేది డయోడ్ లేజర్. అది చిగురును వేడి చేస్తుంది, టైటానియం ఆ వేడిని ఎముకకు చేరవేస్తుంది. 47 డిగ్రీల సెల్సియస్‌లో ఒక నిమిషం ఉన్నా ఎముక దెబ్బతింటుందని 1983 నాటి ప్రయోగాల నుంచి తెలుసు. నీళ్లతో కలిపి పనిచేసే ఎర్బియం యాగ్ లేజర్ ఆ లెక్కన సురక్షితం. అదైనా శుభ్రం చేసే ఒక పరికరం మాత్రమే. లేజర్ చేస్తామన్నవాళ్లను ఒకటే అడగండి: క్రౌన్ విప్పుతారా? విప్పము అంటే ఆ డబ్బు మిగుల్చుకోండి.

గోలీలు ఐదు రోజులు వేస్తే తగ్గి మళ్లీ రావడంలో ఆశ్చర్యం లేదు. సూక్ష్మజీవులు ఇంప్లాంట్ మీద పొరలా అంటుకుని ఉంటాయి, రక్తం ద్వారా వచ్చే మందు ఆ పొరలోకి సరిగా దిగదు. తేలుతున్నవి చచ్చి చీము తగ్గుతుంది, పొర అలాగే ఉంటుంది. అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ గోలీలు కలిపి ఇవ్వడం మామూలుగా చేయకూడదనే 2023 మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. జ్వరం, దవడ వాపు, మెడలో గడ్డలు ఉంటే వేరే మాట, అప్పుడు చీము బయటికి తీసి, గోలీలూ ఇవ్వాలి. మెట్రోనిడజోల్ వేసుకునే రోజుల్లోనూ, ఆపాక మరో రెండు మూడు రోజులూ మద్యమే కాదు, కల్లు కూడా ముట్టొద్దు; వాంతులు, గుండె దడ రావచ్చు. గుండెకు కవాటం మార్చి వార్ఫరిన్ వాడేవాళ్లకు ఈ గోలీ రక్తాన్ని మరింత పలచన చేస్తుంది, డాక్టరుకు ముందే చెప్పాలి.

పాకెట్‌లో పెట్టే మందులు కూడా ఉన్నాయి, క్లోర్‌హెక్సిడిన్ 2.5 మి.గ్రా. చిప్, మినోసైక్లిన్ రేణువులు, టెట్రాసైక్లిన్ పోగులు. శుభ్రం చేశాక ఒకటి రెండు లోతైన చోట్ల పెడితే కొంత తోడవుతాయి. శుభ్రం చేయకుండా ఇవి పెట్టించుకోవడం దండగ.

ఇంట్లో చేయాల్సింది నిజానికి వైద్యంలో సగం. 1994లో స్వచ్ఛంద వ్యక్తుల మీద చేసిన ప్రయోగంలో మూడు వారాలు ఇంప్లాంట్ దగ్గర బ్రష్ ఆపిస్తేనే వాపు వచ్చింది. 2012లో అదే తరహా పరిశీలనలో, తిరిగి మూడు వారాలు బాగా బ్రష్ చేసినా ఇంప్లాంట్ చుట్టూ చిగురు పూర్తిగా పాత స్థితికి రాలేదు. అంటే చెడటానికి పట్టినంత కాలంలో బాగుపడదు, ఓపిక పట్టాలి. మెత్తటి బ్రష్‌తో రెండు పూటలా తోముతూ, క్రౌన్ చిగురు కలిసే గీత మీద ఒకే కుచ్చున్న చిన్న బ్రష్‌ను చిన్న గుండ్రాలుగా తిప్పాలి. సందుల్లోకి ఇంటర్‌డెంటల్ బ్రష్, మధ్యతీగకు ప్లాస్టిక్ పూత ఉన్నది. ఉత్త తీగ టైటానియంను గీకుతుంది. సైజు ఎలా ఎంచుకోవాలంటే, సందులో పెట్టినప్పుడు కుచ్చులు రెండు పక్కలా ఆనాలి, తీగ ఇరుక్కోకూడదు. ఒకే సైజు అన్ని సందులకూ సరిపోదు, దవడ వెనక సందుకు సాధారణంగా పెద్దది పడుతుంది. వాటర్ ఫ్లాసర్ మంచిదే, బ్రష్‌కు అదనంగా. నాలుకవైపు మరిచిపోవద్దు, కింది దవడ ఇంప్లాంట్లకు గార ఎక్కువగా పట్టేది అటే, చేయి తిరగనిదీ అటే.

మన దగ్గర పెద్దవాళ్లు ఏపపుల్లతోనో, ఎర్ర పళ్లపొడితోనో, బొగ్గు ఉప్పుతోనో తోముకోవడం మానరు. ఇంప్లాంట్ ఉన్నచోట ఇవి వద్దు. పుల్ల కుచ్చు క్రౌన్ పక్కన చిగురును చీలుస్తుంది, వెనక సందులోకి పోదు. గరుకు పొడులు క్రౌన్ మెరుపును పోగొట్టి పాచికి పట్టు ఇస్తాయి. ఏపపుల్ల మీద మరీ మనసుంటే ముందువైపు పండ్లకు మాత్రం వాడుకోమనండి. మక్కకంకి తిన్నాక దాని సన్నటి పొట్టు క్రౌన్ కింద ఇరుక్కుంటుంది, రెండు రోజులుంటే చిగురు ఉబ్బుతుంది. తిన్న పూటే సందు బ్రష్ వాడితే సరి.

క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత శుభ్రం చేసిన తర్వాత రెండు వారాలు, 0.2 శాతం అయితే 10 మి.లీ. ఒక నిమిషం, పొద్దున రాత్రి. పేస్ట్‌తో తోమిన వెంటనే పోయొద్దు, అరగంట ఆగాలి. పేస్ట్‌లోని నురుగు పదార్థం దీని పనిని తగ్గిస్తుంది. పుక్కిలించిన వెంటనే చాయ్ తాగితే పండ్ల మీద గోధుమరంగు మచ్చలు పడతాయి, నాలుక రుచి కొన్నాళ్లు మారుతుంది. నెలల తరబడి వాడొద్దు. మౌత్‌వాష్ పోసుకుంటున్నాం కదా అని బ్రష్ తగ్గించేవాళ్లకు ఇది మేలుకన్నా కీడే చేస్తుంది.

షుగర్: మూడు నెలల సగటు, అంటే హెచ్‌బీఏ1సీ, శుభ్రం చేయించే ముందు ఒకసారి చూపించండి. 7 దగ్గర ఉంటే మంచిది. 8, 9 ఉంటే అత్యవసరం కాని సర్జరీ వాయిదా వేసి ముందు షుగర్ దించుతారు. కోత లేని శుభ్రతకు మాత్రం ఆగాల్సిన పని లేదు. చుట్ట, బీడీ, సిగరెట్, జర్దా, ఖైనీ వీటిలో ఏది ఉన్నా చెప్పండి. పొగ తాగేవాళ్లలో చిగురు నుంచి రక్తం తక్కువగా రావచ్చు, కాబట్టి రక్తం లేదని బాగుందనుకోవడం మోసం. ఖైనీని ఇంప్లాంట్ ఉన్న బుగ్గలోనే పెట్టుకునే అలవాటుంటే శుభ్రత ఏదీ నిలవదు.

ఇంకో హెచ్చరిక ఇక్కడే. పొగాకు నమిలేవాళ్లలో ఇంప్లాంట్ పక్కన మానని పుండు, గట్టిగా తగిలే గడ్డ, పెదవి మొద్దుబారడం ఉంటే దాన్ని పెరి-ఇంప్లాంటైటిస్ అని శుభ్రం చేస్తూ కూర్చోకూడదు. నోటి క్యాన్సర్ అచ్చం ఇలాగే కనిపించవచ్చు. శుభ్రం చేసి రెండు మూడు వారాలైనా పుండు మానకపోతే ముక్క తీసి పరీక్ష చేయించాలి. ఎముకలు గుల్లబారినందుకు గానీ క్యాన్సర్‌కు గానీ జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి సూదులు తీసుకుంటున్నవాళ్లు కూడా ముందే చెప్పాలి, వాళ్లలో దవడ ఎముక కుళ్లే ప్రమాదం ఉంటుంది, తీరు వేరుగా ఉంటుంది.

తిరిగి ఎప్పుడు కొలవాలి? వాపు మాత్రమే అయితే 2 నుంచి 3 నెలలకు. ఎముక కరిగి ఉంటే 6 నుంచి 12 వారాల మధ్య. అంతకుముందే ప్రోబ్ పెట్టి తొందరపడితే మానుతున్న చిగురు మళ్లీ చిరుగుతుంది. చూడాల్సినవి మూడు: లోతు 5 మి.మీ. లేదా తక్కువ, రక్తం ఒకచోటకు మించకపోవడం, చీము అసలు లేకపోవడం. మూడూ కుదిరితే సర్జరీ ఊసు ఎత్తక్కర్లేదు. కుదరకపోతే, ఎందుకు కుదరలేదో తేల్చి, అంటే క్రౌన్ అడ్డా, సిమెంటా, ఇంట్లో బ్రష్షా అని చూసి, దిద్దదగినది ఉంటే ఇంకొక్కసారి శుభ్రం చేయడం న్యాయం. రెండుసార్లయినా 6 మి.మీ. పైన చీముతో ఉంటే సర్జరీకి ఒప్పుకోండి. అప్పుడు కూడా ఆరేడు నెలలకోసారి గీకించుకుంటూ గడిపితే ఎముక కరుగుతూనే ఉంటుంది; ఇవాళ తెరిచి కాపాడగలిగిన ఇంప్లాంట్ రెండేళ్లకు సగం పొడవు మించి ఎముక పోయి తీయాల్సి వస్తుంది. ఒక సంగతి ముందే తెలుసుకోండి: తగ్గినప్పుడు చిగురు కొంచెం కిందికి దిగుతుంది, లోహం అంచు కనిపించవచ్చు. వెనక దవడలో అది లోపం కాదు, శుభ్రం చేసుకోవడానికి సులువే. కరిగిన ఎముక మాత్రం కోత లేని వైద్యంతో తిరిగి పెరగదు.

తగ్గాక నిలబెట్టుకోవడం. బ్రెజిల్‌లో 2012లో ప్రచురించిన ఐదేళ్ల అధ్యయనంలో, మ్యూకోసైటిస్ ఉన్నవాళ్లలో క్రమంగా చెకప్‌కు వచ్చినవాళ్లలో 18 శాతం మందికి, రానివాళ్లలో 43.9 శాతం మందికి అది పెరి-ఇంప్లాంటైటిస్‌గా మారింది. మీ నాన్నగారికి మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత పరిస్థితిని బట్టి ఆరు నెలలకు పెంచొచ్చు. ప్రతిసారీ ఆరు చోట్ల కొలతలు, ఏడాదికోసారి అదే కోణంలో ఆర్‌వీజీ. మిగతా పండ్లలో చిగుళ్ల జబ్బు ఉంటే దానికీ వైద్యం చేయించాలి, లేకపోతే అక్కడి సూక్ష్మజీవులు ఇక్కడికే చేరతాయి.

ఇప్పుడు చేయాల్సింది: చిగుళ్ల నిపుణుడు, అంటే పీరియోడాంటిస్ట్ ఉన్న క్లినిక్‌ హనుమకొండలోనే వెతకండి. ఎండీఎస్ పీరియోడాంటిక్స్ అని బోర్డు మీద ఉంటుంది, కొందరు వారంలో ఒకటి రెండు రోజులు మాత్రమే వస్తారు, ఫోన్ చేసి వెళ్లండి. ఖర్చు ఇబ్బందైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీలో పీరియోడాంటిక్స్ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు ఇంప్లాంట్ స్టిక్కర్ లేదా దాని ఫొటో, క్రౌన్ పెట్టిన రోజు తీసిన ఎక్స్‌రే, తాజా హెచ్‌బీఏ1సీ, వాడే మందుల చీటీ పట్టుకెళ్లండి. ఆ పాత ఎక్స్‌రే దొరికితే దాన్నీ, కొత్త ఆర్‌వీజీనీ, ఆరు చోట్ల కొలతలనూ ఇక్కడ పెట్టండి. మూడు నెలలు ఆగొచ్చా, ఇప్పుడే తెరవాలా అన్నది వాటిని చూస్తే చెప్పొచ్చు.